రిటైరయ్యాక న్యూజిలాండ్‌లో క్యాంపర్‌వ్యాన్ కొని ఆర్నెల్లు అందులోనే ఉండటం కుదురుతుందా?

గార్డుపెట్టె | 9 ఆగస్టు 2025

అందరికీ నమస్కారం. గుంతకల్లు డివిజన్‌లో గూడ్స్ గార్డుగా 34 ఏళ్ళు చేసి 2021 చివర్లో రిటైరయ్యాను. నెల తిరక్కుండానే మా పోస్టు పేరు ట్రైన్ మేనేజర్‌గా మార్చారు. ఆ యోగం నాకు తప్పిపోయింది. ఇప్పుడు నాకు 64, మా ఆవిడకు 60.

అబ్బాయి హామిల్టన్‌లో స్థిరపడ్డాడు. మాకు పేరెంట్ అండ్ గ్రాండ్‌పేరెంట్ విజిటర్ వీసా ఉంది. మూడేళ్ళలో మొత్తం 18 నెలలు ఉండొచ్చు, ఒక విడతకు ఆరు నెలలు మించకూడదు. పోయినసారి ఆ ఆరు నెలలూ ఇంట్లోనే గడిపాం. కొడుకూ కోడలూ పొద్దున ఏడున్నరకు పోతే సాయంత్రం ఆరుకు వచ్చేవాళ్ళు. మనవడు డేకేర్‌కు పోయేవాడు. నేను కిటికీలోంచి పక్కింటి పిల్లిని చూస్తూ కూర్చునేవాణ్ణి. రెండో నెలకల్లా అదీ నన్ను పట్టించుకోవడం మానేసింది.

నవంబర్లో మళ్ళీ వెళ్తున్నాం. ఈసారి నెలకు పది రోజులు పిల్లల దగ్గర, మిగతా ఇరవై రోజులు పడకా పొయ్యీ ఉన్న వ్యాన్లో తిరగాలని ఉంది. అద్దెకు తీసుకుంటే రోజుకు అడిగే డబ్బు చూసి గుండె ఆగినంత పనైంది. కొనేసి, వచ్చేటప్పుడు అమ్మేస్తే? చేతిలో 18 లక్షలున్నాయి. విజిటర్ వీసా వాళ్ళ పేరు మీద బండి రిజిస్టర్ చేస్తారా? మన లైసెన్స్ చెల్లుతుందా? ఇంట్లో మారుతి ఓమ్ని పదిహేనేళ్ళు నడిపాను. అంతకు మించి అనుభవం లేదు.

వైకాటో_వదిన | 9 ఆగస్టు 2025

బాబాయి గారూ, నేనూ హామిల్టనే. నిక్షేపంగా కొనొచ్చు. ఇక్కడ బండి కొనడానికి రెసిడెంట్ అయ్యుండాలన్న రూలు లేదు. పాస్‌పోర్టు, లైసెన్సు, ఇక్కడి అడ్రసు ఒకటి చాలు. వెహికల్ టెస్టింగ్ సెంటర్లోనో పోస్టాఫీసు కౌంటర్లోనో ఫారం నింపితే పది నిమిషాల్లో బండి మీ పేరు మీదికి వస్తుంది. మన ఆర్‌టీవో ఆఫీసులో ఎన్ఓసీ కోసం తిరిగినట్టు తిరగక్కర్లేదు. అడ్రసు అబ్బాయిది ఇవ్వండి. అబ్బాయి లేనివాళ్ళు చిక్కుపడేది అక్కడే.

లైసెన్సు ఇంగ్లీషులో ఉంటే సందర్శకులు దాంతోనే నడపొచ్చు. మన ఆంధ్రా కార్డు ఇంగ్లీషులోనే ఉంటుంది కదా. డ్రైవింగ్ కూడా మనలాగే ఎడమవైపు. అదే సగం బలం.

ఇక బండికి మూడు కాగితాలు విడివిడిగా ఉంటాయి, కొత్తవాళ్ళు కలిపేసుకుంటారు. వారంట్ ఆఫ్ ఫిట్‌నెస్ అంటే బ్రేకులు, టైర్లు, తుప్పు చూసి ఇచ్చేది. అమ్మేటప్పుడు అది నెల లోపల తీసినదై ఉండాలి. ‘ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటున్నాను’ అని రాసిచ్చారో, ఆ హక్కు పోయినట్టే. రెండోది రెజో, మన రోడ్ ట్యాక్స్ లాంటిది. మూడోది డీజిల్ బండికి (కరెంటు బళ్ళకూ ఉంది), రోడ్ యూజర్ ఛార్జీ. వెయ్యి కిలోమీటర్లకు 76 డాలర్లు ముందే కట్టి, ఆ చీటీ అద్దానికి పెట్టుకోవాలి. బంకులో డీజిల్ చవగ్గా కనిపిస్తే మోసపోకండి, మిగతాది ఇక్కడ గుంజుతారు.

నిలకడ | 10 ఆగస్టు 2025

పెద్దవారు, కోపగించుకోవద్దు. ఈ వయసులో సంచారజాతుల్లాగా రోడ్ల మీద బతకడం అవసరమా? బీపీ, షుగరు, మోకాళ్ళు. రాత్రి పూట ఏదైనా అయితే ఆ కొండల్లో ఎవరొస్తారు? మనవడితో ఆడుకునే భాగ్యం అందరికీ దొరకదు. 18 లక్షలు ఫిక్స్‌డ్‌లో వేసుకుంటే వడ్డీతో తిరుపతి, అరుణాచలం, కాశీ హాయిగా తిరిగి రావచ్చు.

గార్డుపెట్టె | 10 ఆగస్టు 2025

కోపం దేనికండీ. కానీ ఒకటి చెప్తాను. గూడ్స్ బండికి ఆఖర్న బ్రేక్ వ్యాన్ అని ఉంటుంది చూశారా, నా సర్వీసంతా దాంట్లోనే గడిచింది. ఫ్యాను లేదు, లైటు లేదు, టాయిలెట్ లేదు. వేరే బళ్ళకు దారివ్వడానికి పక్క పట్టా మీద, అంటే లూప్ లైన్లో పెట్టేస్తే పద్నాలుగు గంటలు కూడా అలాగే కూర్చున్న రోజులున్నాయి. అన్నం క్యారియర్, నీళ్ళ క్యాను, జెండాలు, ల్యాంపు, డిటొనేటర్లు అన్నీ ఒక రేకుపెట్టెలో. ఈ వ్యాన్లో పరుపు, పొయ్యి, ఫ్రిజ్జు ఉంటాయంటున్నారు. నాకిది సంచారం కాదు, ప్రమోషన్.

డంప్‌స్టేషన్_బాబాయి | 11 ఆగస్టు 2025

గార్డు గారూ, మీరు టాయిలెట్ మాట ఎత్తారు కాబట్టి అసలు విషయం చెప్పనివ్వండి. ఈ దేశంలో క్యాంపర్‌వ్యాన్ విలువంతా టాయిలెట్ దగ్గరే ఉంది. ఇంజనుది రెండో మాట.

నేను రిటైర్డ్ బ్యాంకు వాణ్ణి, కూతురు క్రైస్ట్‌చర్చ్‌లో ఉంటుంది, మూడు వేసవులు వ్యాన్లో తిరిగాను. ఇక్కడ ఊళ్ళ బయట, సముద్రం ఒడ్డున, ఫీజు లేకుండా రాత్రి ఆగడాన్ని ఫ్రీడమ్ క్యాంపింగ్ అంటారు. దానికి 2011లోనే చట్టం ఉంది. కౌన్సిల్ (అంటే మన మున్సిపాలిటీ లాంటిది) స్థలాల్లో చాలావరకు ‘సెల్ఫ్ కంటైన్డ్’ బళ్ళనే ఆగనిస్తారు. అంటే మూడు రోజులు బయటి నీళ్ళూ, బయటి టాయిలెట్టూ ముట్టకుండా బతకగలిగిన బండి. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల లెక్కన నీళ్ళుండాలి, వాడిన నీళ్ళు పట్టే ట్యాంకు ఉండాలి, మూత ఉన్న చెత్తబుట్ట ఉండాలి, టాయిలెట్ ఉండాలి.

ఇదివరకు నీలం స్టిక్కరు ఇచ్చేవాళ్ళు. కుర్రకారు ఒక ప్లాస్టిక్ డబ్బా టాయిలెట్ కొని డిక్కీలో పడేసి స్టిక్కరు సంపాదించేవాళ్ళు, వాడేది మాత్రం చెట్ల చాటు. ఊళ్ళవాళ్ళు గోల పెట్టారు. 2023 జూన్ 7 నుంచి కొత్త చట్టం వచ్చింది. టాయిలెట్ బండికి బిగించి ఉండాలి. ఇన్‌స్పెక్టర్ చూసి పచ్చ వారంట్ ఇస్తాడు, దాని గడువు నాలుగేళ్ళ దాకా ఉంటుంది. నీలం స్టిక్కరున్న సొంత బళ్ళకు 2026 జూన్ 7 వరకే మినహాయింపు. కాబట్టి ఇప్పుడు ‘నీలం స్టిక్కర్, బంపర్ ఆఫర్’ అని చవగ్గా కనిపించే ప్రతి బండి వెనకా ఆ తేదీ ఉంది. మీరు మేలో అమ్ముతారు. నెలలో చెల్లకుండా పోయే స్టిక్కరున్న బండిని ఎవరు కొంటారు?

ఇంకో షరతు. పడక పరిచి ఉన్నప్పుడు కూడా టాయిలెట్ వాడటానికి వీలుండాలి. బండి చూడటానికి వెళ్ళినప్పుడు నోటిమాట నమ్మకండి. పరుపు పరవమనండి, మా చెల్లెమ్మను లోపలికి పంపి తలుపు వేయమనండి. మోచేతులు ఆడకపోతే వచ్చేయండి.

మూడో_అంతస్తు | 11 ఆగస్టు 2025

అన్నీ బాగున్నాయి కానీ, పొయ్యికీ ఆ గదికీ మధ్య ఎంత దూరం ఉంటుంది?

డంప్‌స్టేషన్_బాబాయి | 11 ఆగస్టు 2025

రెండడుగులు.

మూడో_అంతస్తు | 11 ఆగస్టు 2025

మా అత్తగారు ఈ దారం (థ్రెడ్) చదవకుండా చూసుకోవాలి.

పద్దుల_పుస్తకం | 13 ఆగస్టు 2025

డబ్బు పంపే సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆడిటర్ ఆఫీసులో పనిచేశాను కాబట్టి చెప్తున్నా. మన దగ్గర రెసిడెంట్ అయిన మనిషి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా బయటికి పంపొచ్చు, అందులో ఇబ్బంది లేదు. కానీ ఈ ఏప్రిల్ నుంచి 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను పట్టుకుంటుంది. చదువుకూ వైద్యానికీ లెక్క వేరే. 18 లక్షలు మీ ఒక్కరి పేరునే పంపితే 8 లక్షల మీద లక్షా అరవై వేలు ఆగిపోతుంది. పోయే డబ్బు కాదు, రిటర్న్ వేసినప్పుడు సర్దుకుంటుంది, కానీ అందాకా చేతిలో ఉండదు. అమ్మగారికి సొంత పాన్, సొంత డిపాజిట్లు ఉంటే చెరి తొమ్మిది లక్షలు ఎవరి ఖాతా నుంచి వాళ్ళు పంపుకోండి, టీసీఎస్ గొడవే రాదు. వెళ్ళేముందు మీ బ్యాంకులో ఒకసారి అడగండి.

సెంట్రల్ పెన్షనర్ కదా, లైఫ్ సర్టిఫికెట్ నవంబర్లోనే ఇవ్వాలి. ఒకటో తారీఖున ఇచ్చేసి విమానం ఎక్కండి. అక్కడికెళ్ళి ఫోన్లో మొహం చూపించి చేద్దాం అనుకుంటే ఓటీపీ కోసం కాచుకోవాలి.

పెర్త్_పంతులు | 14 ఆగస్టు 2025

ఆస్ట్రేలియాలో ఆలోచించేవాళ్ళకు ఒక మాట. ఇక్కడా విజిటర్లు కొనొచ్చు. కానీ రిజిస్ట్రేషన్ రాష్ట్రాల వారీగా ఉంటుంది. ఒక రాష్ట్రంలో కొని వేరే రాష్ట్రంలో అమ్మాలంటే మళ్ళీ తనిఖీలు, ఖర్చు. దూరాలు కూడా ఆలోచించుకోండి. పెర్త్ నుంచి అడిలైడ్ 2,700 కిలోమీటర్లు. మధ్యలో నల్లార్‌బోర్ మైదానం. మా ఆవిడ రెండో రోజుకే ‘చూసిందే చూపిస్తున్నావు’ అంది. అరవై దాటిన జంటకు న్యూజిలాండే మేలు. మధ్యాహ్నానికల్లా ఏదో ఒక ఊరొస్తుంది.

వైకాటో_వదిన | 14 ఆగస్టు 2025

నిలకడ గారు అడిగిన ఆరోగ్యం సంగతి. ఇక్కడ యాక్సిడెంట్ అయితే ఏసీసీ అనే ప్రభుత్వ సంస్థ వైద్యం ఖర్చు భరిస్తుంది, తప్పు ఎవరిదైనా సరే, సందర్శకులైనా సరే. కాలు విరిగితే వాళ్ళు చూసుకుంటారు. గుండెనొప్పి వస్తే మాత్రం విజిటర్ వీసా వాళ్ళు మొత్తం జేబులోంచే కట్టాలి. కాబట్టి ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి, అందులో బీపీ ఉందని దాచకుండా రాయండి. దాస్తే క్లెయిమ్ రోజు అదే సాకవుతుంది.

మందులు మూడు నెలలకు సరిపడానే తేనిస్తారు, చీటీ వెంట ఉండాలి. తర్వాతి మూడు నెలలకు ఇక్కడి డాక్టరు దగ్గర డబ్బు కట్టి రాయించుకోవాలి.

బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఇక్కడ తప్పనిసరి కాదు, వింటే మనవాళ్ళు నమ్మరు. అయినా తీసుకోండి. ఎవరి టెస్లానో గీరితే మీ 18 లక్షలూ దానికే చాలవు.

పిన్ని గారికి చెప్పండి, కరివేపాకు, విత్తనాలు తేవద్దని. పచ్చళ్ళు, పొడులు ఏవున్నా కార్డులో రాసేయండి. రాయకపోతే అక్కడికక్కడే 400 డాలర్లు ఫైను. కరివేపాకు మా ఇంట్లో చెట్టుంది, ఇస్తాను.

గార్డుపెట్టె | 6 డిసెంబర్ 2025

కొన్నాం!

2013 టొయోటా హైయేస్, హై రూఫ్, డీజిల్. ఒకప్పుడు అద్దెకు తిరిగిన బండి. 34,500 డాలర్లు చెప్పారు. పచ్చ వారంట్ 2028 దాకా ఉంది. డంప్‌స్టేషన్ గారు చెప్పినట్టే పరుపు పరిపించి, మా ఆవిడ లోపలికెళ్ళి తలుపేసుకుంది. అమ్మేవాడు తెల్లబోయి నావైపు చూశాడు. ‘పాస్’ అని లోపల్నుంచి కేక వినిపించింది.

తప్పు దొరికింది ఇంకోచోట. బ్రేకులు బాగున్నాయని ఇచ్చే బ్రేక్ పవర్ సర్టిఫికెట్ చూడందే గార్డు బండి కదలనివ్వడు, ఆ అలవాటు చావదు కదా. అద్దానికున్న రోడ్ ఛార్జీ చీటీ మీద 2,91,000 కిలోమీటర్ల వరకు అని ఉంది. మీటరు చూస్తే 2,97,400. అంటే 6,400 కిలోమీటర్లు కట్టకుండా తిరిగాడన్నమాట. వెయ్యికో యూనిట్ లెక్కన ఏడు యూనిట్లు, 532 డాలర్లు. ‘ఓ, మర్చిపోయాను’ అన్నాడు పెద్దమనిషి. నేను గమనించకపోతే ఆ బాకీ నా మెడకు చుట్టుకునేది. అదీ, వెనక రెండు టైర్లూ కలిపి 33,400కు ఒప్పుకున్నాడు. బండి మీద అప్పుందేమో అని అబ్బాయి ఆన్‌లైన్‌లో సెక్యూరిటీస్ రిజిస్టర్ చూశాడు, కొద్ది డాలర్ల ఖర్చు. అప్పు తీరని బండి కొంటే అప్పిచ్చినవాడు వచ్చి పట్టుకుపోవచ్చట.

నవంబర్లో కొనడం వల్ల ఎక్కువే పెట్టామని అందరూ అంటున్నారు. ఇక్కడ ఎండాకాలం మొదట్లో అందరూ కొనేవాళ్ళే, ఏప్రిల్ మేల్లో అందరూ అమ్మేవాళ్ళే. మేం కొన్నదీ అమ్మబోయేదీ రెండూ తప్పుడు నెలల్లోనే. పెన్షనరుకు నెల ఎంచుకునే వీలు లేదు, వీసా చెప్పినట్టు వినాలి.

గార్డుపెట్టె | 28 డిసెంబర్ 2025

ఇది వారి అకౌంటే. రాస్తున్నది నేను, వారి భార్యను. ఆయన అన్నీ బాగున్నాయనే రాస్తారు కాబట్టి మిగతావి నేను రాస్తున్నాను.

మొదటి రోజు పప్పుకు తాలింపు వేశాను. ఎండుమిర్చి నూనెలో పడగానే పైన అలారం కూసింది. ఆగదు. పక్క బండి నుంచి ఒక తెల్లాయన పరిగెత్తుకొచ్చాడు, చేతిలో మంటలార్పే సిలిండరు. నా చేతిలో గరిటె. ఆ తర్వాత తాలింపులన్నీ బయటే, మడతబల్ల మీద చిన్న పొయ్యి పెట్టుకుని. గాలి లేకపోతేనే. గాలి ఉంటే ఆ రోజు పెరుగన్నం.

మిక్సీ మోసుకొచ్చాను. ఇన్వర్టర్ మీద పెడితే ఒక్క గిర్రు తిరిగి మొత్తం ఆగిపోయింది. మిక్సీ మొదలైనప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటు అది తట్టుకోలేదట. హామిల్టన్ వెళ్ళినప్పుడు ఆసియా కొట్లో అరచేయంత రాతి రోలు కొన్నాను. కొబ్బరి పచ్చడి మా అమ్మ చేసినట్టు కుదురుతోంది. బరువు పెరుగుతుందని ఆయన గొణుగుడు.

పొద్దున లేచేసరికి గోడలు, అద్దాలు చెమటలు కారుతుంటాయి. ఇద్దరి ఊపిరీ, అన్నం ఆవిరీ కలిసి. మొదటివారం పాత లుంగీతో తుడిచేదాన్ని. పరుపు అడుగున తీసి చూస్తే నల్లటి బూజు చుక్కలు. ఇప్పుడు ఎంత చలైనా పైన కిటికీ రెండు వేళ్ళంత తెరిచి పడుకుంటున్నాం, పరుపు కింద చెక్క పట్టీలు వేయించాం. గ్యాసున్న చోట గాలి ఆడాలని వదిన గారు కూడా చెప్పింది, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఇంకొకటి పెట్టించింది.

రెండడుగుల దూరం గురించి అడిగిన అమ్మాయికి: నేనూ అదే అనుకున్నాను. ఈ దేశంలో ప్రతి ఊళ్ళో పబ్లిక్ టాయిలెట్ ఉంటుంది, మన పెళ్ళి మండపాల్లో కంటే శుభ్రంగా. పగలు అవే. బండిలోది రాత్రికి మాత్రమే. పొద్దున ఆ డబ్బా తీసుకెళ్ళి డంప్ స్టేషన్‌లో పోసి కడిగే పని ఆయనది. ముందు మొహం చిట్లించారు. ‘34 ఏళ్ళు బ్రేక్ వ్యాన్లో లేదు లేదని ఏడ్చావుగా, ఇప్పుడిచ్చారు, కడుక్కో’ అన్నాను.

కోపమొస్తే పోవడానికి ఇంకో గది లేదు. అదే కష్టం, మిగతావి కష్టాలు కావు. మూడో వారంలో ఏదో దారి తప్పి మాటా మాటా అనుకున్నాం, నలభై కిలోమీటర్లు ఎవరూ నోరు విప్పలేదు. ఆ రాత్రి పంచుకున్నాం: డ్రైవరు సీటు ఆయన గది, పక్క తలుపు మెట్టు నా గది. ఎవరి గదిలో వాళ్ళున్నప్పుడు పలకరించకూడదు.

నిలకడ | 29 డిసెంబర్ 2025

అమ్మా, మీరు రాసింది మా ఆవిడకు చదివి వినిపించాను. ‘ఆ మెట్టు ఎంత వెడల్పుంటుందో అడగండి’ అంది.

గార్డుపెట్టె | 29 డిసెంబర్ 2025

ఒక మనిషి, ఒక కాఫీ గ్లాసు పట్టేంత. (భార్య)

టెక్సాస్_తాత | 2 జనవరి 2026

అమెరికాలో ఇలాంటివి చూసి ఇటు రావాలనుకునే పెద్దలకు: ఇక్కడ కొనడం సులువే, ఇన్సూరెన్స్ దగ్గరే ఆగిపోతుంది. విజిటర్‌కు, స్థిరమైన అడ్రసు లేనివాళ్ళకు, పైగా ఆర్‌వీలో (ఇలాంటి బండినే ఇక్కడ అలా అంటారు) కాపురముంటామంటే పాలసీ ఇచ్చేవాళ్ళను వెతుక్కోవాలి. పైగా కుడివైపు డ్రైవింగ్. యూరప్ అయితే షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరిగే దేశాలన్నిట్లో కలిపి 180 రోజుల్లో 90 రోజులే, బండి సర్దుకునేలోగా గడువు అయిపోతుంది.

గార్డుపెట్టె | 19 జనవరి 2026

ఉత్తర దీవిలోని వెల్లింగ్టన్ నుంచి దక్షిణ దీవిలోని పిక్టన్‌కు ఓడలో దాటాం. మూడున్నర గంటలు. బండి పొడవును బట్టి టికెట్, ఎక్కేముందు గ్యాసు సిలిండర్ దగ్గరే కట్టేయాలి. సెలవుల సీజను కదా, మూడు వారాల ముందు చూసినా కోరుకున్న రోజు దొరకలేదు. ఓడలు తగ్గాయి మరి. అరటేరే అనే ఓడ ఉండేది, ఈ దేశంలో రైలు పట్టాలున్న ఓడ అదొక్కటే. వ్యాగన్లు నేరుగా ఓడ కడుపులోకి దొర్లుకుంటూ పోయేవట. ఆగస్టులో దాన్ని రిటైర్ చేశారు. నేను ఈ దారం మొదలుపెట్టిన నెలలోనే! మూడు నెలల తేడాలో తప్పిపోయిందంటే నిద్ర పట్టలేదు. ఇప్పుడు రైల్లో వచ్చిన సరుకు లారీల మీదికి మార్చి దాటిస్తున్నారు.

రైలు పిచ్చి ఉన్నవాళ్ళకు ఇంకోటి. పశ్చిమ తీరంలో కుమారా జంక్షన్ అని ఉంది. అక్కడ రోడ్డు చౌరస్తా గుండ్రంగా ఉంటే, దాని నడిమధ్యలోంచి రైలు పట్టాలు పోతున్నాయి. బండి పక్కనాపి గంటన్నర కూర్చున్నాను, గూడ్సు వస్తుందేమోనని. రాలేదు. మా ఆవిడ తన గదిలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచింది. గేజ్ కొలిచాను, 1067 మిల్లీమీటర్లు. మన పాత మీటర్ గేజ్ కంటే కాస్త వెడల్పు. దేశమంతా ఇదే.

ఆ తీరమంతా ఒంటివరస వంతెనలు. మొదట్లో చెమటలు పట్టేవి. బోర్డు మీద మనవైపు పెద్ద తెల్ల బాణం ఉంటే మనదే దారి, చిన్న ఎర్ర బాణం ఉంటే ఆగాలి. సింగిల్ లైన్లో టోకెన్ వర్కింగ్ (టోకెన్ చేతిలో ఉన్న రైలే ఆ పట్టా మీదికి పోవాలి) అనుకున్నాక భయం పోయింది. అయితే ఇక్కడ టోకెన్ ఇచ్చే స్టేషన్ మాస్టరు ఉండడు. ఎదుటివాడు బోర్డు చదివాడనే నమ్మకం మీద పోవాలి. నేను మాత్రం మన బాణం తెల్లదైనా వేగం తగ్గించే వెళ్తాను.

పద్దుల_పుస్తకం | 20 జనవరి 2026

ఓటీపీలు వస్తున్నాయా?

గార్డుపెట్టె | 24 జనవరి 2026

మీ నోటిమాట నిజమైంది. ఫాక్స్ గ్లేసియర్ దాటి హాస్ట్ వైపు పోతుంటే గంటల తరబడి సిగ్నల్ ఉండదు. గుంతకల్లు ఇంటి కరెంటు బిల్లు కట్టబోయాను, బ్యాంకు పాస్‌వర్డ్ మార్చమంది, ఓటీపీ రాలేదు. సిగ్నల్ ఉన్న ఊరు చేరేసరికి పదిహేను ఓటీపీలు ఒకేసారి టపటపా వచ్చాయి, అన్నీ గడువు తీరినవే. ఇప్పుడు నెల బిల్లులన్నీ ముందే ఆటో పేమెంట్లో పెట్టాను. బయల్దేరేముందే చేసుకోవాల్సిన పని.

ఆ తీరంలో సాండ్‌ఫ్లైలని నల్లటి చిన్న ఈగలు. మన దోమ కుట్టిన విషయం చెప్పి పోతుంది, ఇది చెప్పదు. కాలి మడమల దగ్గర వారం రోజులు గోకుడే. చీకటి పడితే పోతాయి. అన్నం చీకట్లో తినడం అలవాటైంది.

చౌరస్తా | 2 ఫిబ్రవరి 2026

ఇదంతా చదివాక ఒక సందేహం. నాకు న్యూజిలాండ్‌లో ఎవరూ లేరు. సెల్ఫ్ కంటైన్డ్ బండి ఉంటే ఎక్కడ పడితే అక్కడ ఆపి నెల రోజులైనా ఉండొచ్చు కదా, అద్దె లేకుండా?

డంప్‌స్టేషన్_బాబాయి | 2 ఫిబ్రవరి 2026

ఉండకూడదు. పచ్చ వారంట్ అంటే పాసే కానీ పట్టా కాదు. ఒక్కో కౌన్సిల్‌కు ఒక్కో బైలా, అంటే సొంత రూలు. ఒకచోట రెండు రాత్రులు, ఒకచోట మూడు, ఊరి నడిబొడ్డున అసలు వద్దు. బోర్డు చదవాలి, క్యాంపర్‌మేట్ యాప్ చూసుకోవాలి. తప్పుచోట ఆపితే పొద్దున వైపరు కింద 400 డాలర్ల చీటీ ఉంటుంది. నాలుగైదు రోజులకోసారి డీఓసీ (ప్రభుత్వ ప్రకృతి సంరక్షణ శాఖ) వాళ్ళ క్యాంపులోనో హాలిడే పార్కులోనో డబ్బిచ్చి ఉండక తప్పదు, బట్టలుతుక్కోవాలి, వేడినీళ్ళు పోసుకోవాలి. మోటర్ క్యారవాన్ అసోసియేషన్‌లో చేరితే వాళ్ళ సొంత పార్కుల్లో తలకు కొద్ది డాలర్లతో గడుస్తుంది, మేం ఎక్కువగా వాటిలోనే ఉంటాం. పక్కన అందరూ మన వయసువాళ్ళే. సాయంత్రం ఐదుకల్లా కుర్చీలు బయట వేస్తారు.

ఉత్తపుణ్యానికి ఉండటమే లక్ష్యమైతే దయచేసి రావద్దు. ఆ కుర్రకారు చేసిన పనికే మాకు ఇన్ని రూల్సు వచ్చాయి.

చౌరస్తా | 2 ఫిబ్రవరి 2026

అడిగినందుకు అంత ఘాటుగా చెప్పాలా?

వైకాటో_వదిన | 3 ఫిబ్రవరి 2026

చౌరస్తా గారూ, బాబాయి మాట ఘాటే, విషయం నిజం. మీకు ఇక్కడ ఎవరూ లేకపోతే ముందు మూడు వారాలు అద్దె వ్యాన్ తీసుకుని చూడండి, సీజను కాని నెలల్లో, అంటే మేలోనో సెప్టెంబర్లోనో. నచ్చితే తర్వాత కొనడం ఆలోచించవచ్చు. ఇక్కడ పిల్లలున్న తల్లిదండ్రులకైతే పోయిన సెప్టెంబర్ 29 నుంచి పేరెంట్ బూస్ట్ అని ఐదేళ్ళ విజిటర్ వీసా కూడా మొదలైంది. హెల్త్ ఇన్సూరెన్స్ తప్పనిసరి, పిల్లల ఆదాయం షరతులున్నాయి. గార్డు గారిలాంటి వాళ్ళు బండి అమ్మే తొందర లేకుండా ఉండాలంటే అది పనికొస్తుంది.

గార్డుపెట్టె | 22 మార్చి 2026

టెకపో సరస్సు దగ్గరున్నాం. ఇక్కడ రాత్రి దీపాలు తగ్గించి పెడతారు, ఆకాశం చూడటానికి జనం వస్తారు. మా నాయన గొల్లకావడి అని చూపించే మూడు చుక్కలు ఇక్కడా ఉన్నాయి, కానీ చుట్టూ ఉన్న బొమ్మ తలకిందులు. మా ఆవిడ వెనక్కి తిరిగి, తల వెనక్కి వాల్చి చూసి ‘ఇప్పుడు సరిపోయింది’ అంది.

మేలో తిరుగు ప్రయాణం. బండి అమ్మాలా, ఉంచాలా అన్నది తేలడం లేదు. అడిగిన ముగ్గురూ 25, 26 వేల దగ్గరే ఉన్నారు. సీజను అయిపోయింది కదా, ఏడెనిమిది వేలు కళ్ళముందే పోతుంది. ఉంచితే అబ్బాయి ఇంటి ముందు పెట్టుకోవచ్చు. వాడకుండా పెట్టే బండికి రెజో కనీసం మూడు నెలలు నిలిపేయొచ్చు, ఆ కాలానికి కట్టక్కర్లేదు. కానీ చలికాలమంతా ఊరికే నిలబడితే బ్యాటరీ, టైర్లు, బూజు. కోడలు మంచిదే, అయినా ఆరు నెలలు వాళ్ళ కారు రోడ్డు మీద పెట్టుకోవాలి. అనుభవమున్నవాళ్ళు చెప్పండి.

డంప్‌స్టేషన్_బాబాయి | 22 మార్చి 2026

మళ్ళీ వస్తారా లేదా, అది ముందు తేల్చుకోండి. వస్తే ఉంచండి. పచ్చ వారంట్ ఇంకా రెండేళ్ళుంది, జూన్ తర్వాత పచ్చ బండికి గిరాకీ తగ్గదు. నీళ్ళ ట్యాంకులు పూర్తిగా ఖాళీ చేయండి, పరుపు ఇంట్లోకి మార్చండి, ఫ్రిజ్ తలుపు తెరిచి పెట్టండి, నెలకోసారి అబ్బాయిని వెళ్ళి స్టార్ట్ చేయమనండి. గ్యాసు సిలిండర్ విప్పి బయట నీడలో పెట్టండి, ఇంట్లో కాదు.

నిలకడ | 23 మార్చి 2026

అమ్మ గారు ఏమంటున్నారు?

గార్డుపెట్టె | 23 మార్చి 2026

నేను రాస్తున్నాను. ఆయన డంప్ స్టేషన్‌కు వెళ్ళారు.

ఉంచుతున్నాం. ఆయనకు ఇంకా చెప్పలేదు, అబ్బాయితో మాట్లాడాను. వాడు తన కారు పక్కకు జరుపుకుంటానన్నాడు. పోయినసారి కిటికీలోంచి పిల్లిని చూస్తూ కూర్చున్న మనిషిని మళ్ళీ నేను చూడలేను. నాకూ ఆ మెట్టు అలవాటైంది.

మూడో_అంతస్తు | 23 మార్చి 2026

ఆంటీ, ఇంతకీ కుక్కరు ఎన్ని లీటర్లది తీసుకెళ్ళారు? మా అత్తగారు అడుగుతున్నారు. ఈ దారం మొత్తం చదివేశారు.

గార్డుపెట్టె | 23 మార్చి 2026

రెండు లీటర్లది. మూడు తెస్తే అరలో పట్టదు. అడుగున కందిపప్పు, పైన గిన్నెలో బియ్యం, ఒకే పొయ్యి మీద రెండూ అయిపోతాయి. విజిల్ వచ్చేటప్పుడు పైన కిటికీ తీసి ఉంచమనండి.